కక్షిదారు ఎవరు? అమెరికా రాష్ట్రాల అటార్నీ జనరళ్ల అధికారం, దానిలోని చిక్కు

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ జన్మతః పౌరసత్వంపై సంతకం చేసిన ఉత్తర్వు, ఆ దేశంలో పురుటికి ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలను నేరుగా తాకింది. తల్లి హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1 వంటి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడు గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ కాకపోతే, ఉత్తర్వు వెలువడిన 30 రోజుల తరువాత పుట్టే బిడ్డను అమెరికా పౌరుడిగా గుర్తించబోమని అందులోని సారాంశం. జనవరి 23న సియాటిల్‌లోని ఫెడరల్ జడ్జి జాన్ కూఘెనర్ దాని అమలును తాత్కాలికంగా ఆపివేశారు. ఆయన ముందుకు వచ్చినవి వాషింగ్టన్, ఆరిజోనా, ఇల్లినాయి, ఒరెగాన్ రాష్ట్రాలు. మరో 18 రాష్ట్రాలు మసాచుసెట్స్‌లో వేరే దావా వేశాయి. వలసదారుల సంఘాలు, గర్భిణులు కూడా ఇతర కోర్టులను ఆశ్రయించారన్నది నిజమే. అయినా ఒక రాష్ట్రం, తన గడ్డపై పుట్టబోయే పిల్లల కోసం, తన దేశ అధ్యక్షుడిపైనే వాదిగా నిలబడడం మన పాఠకులకు కొత్తగా తోచే విషయం. ఆ దావాలపై సంతకాలు చేసినవారు గవర్నర్లు కారు, ఆయా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు.

బిడ్డ పౌరసత్వం పోతే రాష్ట్రానికి వచ్చిన నష్టమేమిటని కోర్టు అడుగుతుంది. అటార్నీ జనరళ్లు దానికి లెక్కలతో జవాబిచ్చారు. పౌరసత్వం లేని బిడ్డ ఫెడరల్ నిధులతో నడిచే ఆరోగ్య పథకాలకు అర్హత కోల్పోతాడు, ఆ వైద్యం ఖర్చు రాష్ట్రం నెత్తిన పడుతుంది, ప్రసూతి ఆసుపత్రిలో జనన నమోదు మొదలుకొని పథకాల అర్హత నిర్ణయం దాకా కార్యాలయాల పద్ధతులన్నీ మార్చుకోవలసి వస్తుంది. ఈ లెక్కల విలువ కొద్ది నెలలకే తేలింది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు, కింది కోర్టులు కక్షిదారులకు అవసరమైనంత ఉపశమనమే ఇవ్వాలి తప్ప దేశమంతటికీ వర్తించే నిషేధాజ్ఞలు ఇవ్వకూడదని చెబుతూనే, రాష్ట్రాలకు పూర్తి ఉపశమనం అందాలంటే ఎంత విస్తృతమైన ఆజ్ఞ కావాలన్న ప్రశ్నను కింది కోర్టులకే విడిచిపెట్టింది. ఒక రాష్ట్రంలో పుట్టిన బిడ్డ రేపు తల్లిదండ్రుల వెంట మరో రాష్ట్రానికి చేరి అక్కడి బడిలో, ఆసుపత్రిలో నమోదవుతాడు కనుక, సరిహద్దు దగ్గర ఆగిపోయే ఉత్తర్వుతో వాది రాష్ట్రాల నష్టం తీరదని జూలై 23న తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు అంగీకరించింది. వ్యక్తులు గెలిస్తే ఆ వ్యక్తులకే దక్కే రక్షణ, రాష్ట్రాలు వాదిగా ఉన్నందువల్ల దేశవ్యాప్తంగా నిలిచింది.

అటార్నీ జనరల్ అనగానే మనకు తోచేది రాజ్యాంగం 76వ అధికరణం కింద కేంద్రానికి సలహా ఇచ్చే న్యాయాధికారి. రాష్ట్రంలో ఆ స్థానం 165వ అధికరణం ప్రకారం అడ్వొకేట్ జనరల్‌ది. హైకోర్టు జడ్జి కాదగిన అర్హత ఉన్నవారిని గవర్నరు నియమిస్తారు, గవర్నరు అభీష్టం ఉన్నంతకాలమే ఆ పదవి ఉంటుంది. ఆ అభీష్టం ఆచరణలో మంత్రివర్గానిదే కాబట్టి, ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ప్రభుత్వం మారితే అడ్వొకేట్ జనరల్ కూడా మారడం ఆనవాయితీగా వస్తోంది. ఆయనకు కక్షిదారు ఎవరో సందేహం లేదు. ఆనాటి ప్రభుత్వమే.

అమెరికాలో ఈ సందేహం తీరదు, అక్కడి పదవికి బలం వచ్చింది కూడా అందువల్లనే. 50 రాష్ట్రాల్లో 43 చోట్ల అటార్నీ జనరల్‌ను ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. అలాస్కా, హవాయి, న్యూహాంప్‌షైర్, న్యూజెర్సీ, వయోమింగ్ రాష్ట్రాల్లో గవర్నరు నియమిస్తారు. మెయిన్‌లో శాసనసభ రహస్య ఓటుతో ఎన్నుకుంటుంది. టెన్నెసీలో నియామకం చేసేది ఏకంగా రాష్ట్ర సుప్రీంకోర్టు. ఎన్నికైన చోట్ల గవర్నరు ఒక పార్టీ, అటార్నీ జనరల్ మరో పార్టీ కావడం తరచుగా జరిగేదే. రాష్ట్ర శాఖలన్నింటి తరఫున కోర్టుల్లో వాదించవలసిన వ్యక్తి, ఆ శాఖలను నడిపే గవర్నరుకు జవాబుదారీ కాదు, ఆయనను తొలగించే అధికారం గవర్నరుకు లేదు.

కెంటకీలో ఇది ఎంతదాకా పోగలదో కనిపించింది. 2018లో అక్కడి శాసనసభ, మురుగునీటి సేవలకు సంబంధించిన ఒక చిన్న బిల్లులోని పాఠాన్ని తీసివేసి, దాని స్థానంలో ఉపాధ్యాయుల, ఉద్యోగుల పింఛన్లను మార్చే వందల పుటల పాఠాన్ని చేర్చి, కొద్ది గంటల్లోనే ఆమోదించింది. గవర్నరు మాట్ బెవిన్ సంతకం చేశారు. అటార్నీ జనరల్ ఆండీ బెషియర్ ఆ చట్టాన్ని సమర్థించకపోగా, తానే వాదిగా కోర్టుకు వెళ్లారు. బిల్లును మూడు రోజులు మూడుసార్లు చదవాలన్న రాష్ట్ర రాజ్యాంగ నియమం పాటించలేదని అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చట్టాన్ని కొట్టివేసింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో బెవిన్‌ను ఓడించి బెషియర్ గవర్నరయ్యారు. అటార్నీ జనరల్ పదవి గవర్నరు పదవికి మెట్టు అన్న మాట అమెరికా రాజకీయాల్లో ఊరికే పుట్టలేదు. అర్కాన్సాలో ఆ పదవి చేసిన బిల్ క్లింటన్ గవర్నరై, తరువాత అధ్యక్షుడయ్యారు. కాలిఫోర్నియాలో చేసిన కమలా హారిస్ సెనేటరై, ఉపాధ్యక్షురాలయ్యారు.

ఈ అధికారానికి మూలం ఎన్నిక ఒక్కటే కాదు. ఇంగ్లండులో రాజు తరఫున కోర్టులో నిలబడే వకీలు ఉండేవాడు. తమను తాము కాపాడుకోలేని పిల్లలకు, మతిస్థిమితం లేనివారికి, దిక్కులేని ధర్మాస్తులకు రాజే సంరక్షకుడన్న సిద్ధాంతం అతని పనిలో భాగం. లాటిన్‌లో దీనిని పేరెన్స్ పేట్రియే అంటారు, దేశానికి తల్లిదండ్రి అని అర్థం. వలస రాజ్యాలు స్వతంత్రమయ్యాక రాజు స్థానంలోకి ప్రజలు వచ్చారు, వకీలు మాత్రం అలాగే ఉన్నాడు. 1907లో జార్జియా రాష్ట్రం, సరిహద్దుకు అవతల టెన్నెసీలో ఉన్న రాగి కార్ఖానాల గంధకపు పొగ తన అడవులనూ పంటలనూ మాడ్చివేస్తోందని సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, భూమి యజమానులతో నిమిత్తం లేకుండా తన నేలపైనా గాలిపైనా రాష్ట్రానికి స్వతంత్రమైన ఆసక్తి ఉందని కోర్టు అంగీకరించింది. అటార్నీ జనరళ్ల జాతీయ సంఘం ఏర్పడింది కూడా అదే ఏడాది. స్టాండర్డ్ ఆయిల్ గుత్తాధిపత్యాన్ని కలిసి ఎదుర్కోవడం ఎలాగన్నది ఆ తొలి సమావేశానికి కారణం.

ఇదే ఇంగ్లీషు వేరు మన చట్టంలోనూ ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షను, బహిరంగ ఉపద్రవం విషయంలో ప్రత్యేక నష్టం ఎవరికీ జరగకపోయినా దావా వేసే అధికారాన్ని అడ్వొకేట్ జనరల్‌కు ఇస్తోంది. 92వ సెక్షను ధర్మాదాయ ట్రస్టుల నిర్వహణపై దావాకు కూడా ఆయనకు తలుపు తెరిచింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత 1985లో పార్లమెంటు చేసిన చట్టం, బాధితులందరి తరఫున వాదించే హక్కును కేంద్రానికి అప్పగించినప్పుడు, సుప్రీంకోర్టు దానిని సమర్థించింది ఈ పేరెన్స్ పేట్రియే సిద్ధాంతంతోనే. 1989లో 47 కోట్ల డాలర్లకు కుదిరిన ఆ రాజీ బాధితులను ఎంతగా నొప్పించిందో అందరికీ తెలిసిందే. తల్లిదండ్రి స్థానంలో నిలబడిన ప్రభుత్వం తక్కువకు ఒప్పుకుంటే, బిడ్డకు వేరే దారి ఉండదు. మన దగ్గర 91, 92 సెక్షన్లు కాగితంపై ఉన్నా, ప్రభుత్వం వద్దన్న దావాను అడ్వొకేట్ జనరల్ తనంతట తాను నడిపించగల పరిస్థితి లేదు, నియమించేవారిని కాదని ఆయన నిలబడలేరు కనుక. అమెరికాలో విత్తనం అదే అయినా, ఓటు అనే నీరు తగిలి చెట్టయింది.

ఆ చెట్టు ఎంత పెరిగిందో పొగాకు వ్యాజ్యం చూపించింది. 1990ల దాకా సిగరెట్ కంపెనీలపై రోగులు వేసిన దావాలు దాదాపు అన్నీ వీగిపోయాయి. ప్రమాదమని తెలిసే మీ ఇష్టంతో కాల్చారు కదా అన్న ఒక్క వాదనతో కంపెనీలు బయటపడేవి. 1994 మేలో మిసిసిపీ అటార్నీ జనరల్ మైక్ మూర్ ఆ వాదనకు అందని వాదిని తెచ్చారు. రాష్ట్రం ఏనాడూ సిగరెట్ ముట్టలేదు, కానీ పేదల వైద్య పథకం కింద క్యాన్సరు రోగుల ఆసుపత్రి ఖర్చులు కట్టింది, ఆ సొమ్ము కంపెనీలు తిరిగి ఇవ్వాలన్నది ఆయన దావా. ఈ ఆలోచనలోని సూటిదనం ఈనాటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. అంతకన్నా ఆశ్చర్యం, ఆ దావాను ఆపించమని సొంత రాష్ట్ర గవర్నరు కర్క్ ఫోర్డైస్ కోర్టుకు వెళ్లడం. గవర్నరు మాట నెగ్గలేదు. నియమితుడైన వకీలైతే మూర్ పదవి ఆ రోజే పోయి ఉండేది, దావా అక్కడితో ముగిసేది.

ఒక్కొక్క రాష్ట్రమే చేరుతూ వచ్చింది. మిసిసిపీ, ఫ్లోరిడా, టెక్సస్, మిన్నెసోటా విడివిడిగా రాజీపడగా, మిగిలిన 46 రాష్ట్రాలు 1998 నవంబరులో నాలుగు పెద్ద కంపెనీలతో ఉమ్మడి ఒప్పందం చేసుకున్నాయి. మొదటి 25 ఏళ్లలో కనీసం 20,600 కోట్ల డాలర్లు చెల్లించాలన్నది అందులోని అంకె. దానితోపాటు రోడ్ల పక్కన సిగరెట్ హోర్డింగులు పోయాయి, ప్రకటనల్లో పిల్లలను ఆకర్షించే కార్టూన్ బొమ్మలు పోయాయి, కంపెనీల లోపలి పత్రాలు లక్షల సంఖ్యలో బయటపడ్డాయి. సిగరెట్ అమ్మకాలు తగ్గితే నష్టపోయే పొగాకు రైతుల కోసం కంపెనీలు 515 కోట్ల డాలర్లతో వేరే ట్రస్టు కూడా ఏర్పాటు చేశాయి. వర్జీనియా అన్న మాటను ఒక రాష్ట్రం పేరుగా కన్నా పొగాకు రకంగానే ఎక్కువ ఎరిగిన ప్రకాశం జిల్లా రైతులు ఆగి ఆలోచించదగిన సంగతి ఇది.

ఆ డబ్బు ఏమైంది అన్న ప్రశ్నకు జవాబు బాధాకరం. దానిని పొగాకు మాన్పించే కార్యక్రమాలకే వాడాలన్న షరతు ఒప్పందంలో లేదు. శాసనసభలు దానిని బడ్జెట్ లోట్లు పూడ్చడానికి, రోడ్లకు, ఇతర పద్దులకు మళ్లించాయి. కొన్ని రాష్ట్రాలు రాబోయే ఏళ్ల చెల్లింపులను చూపి బాండ్లు అమ్మి ముందే ఖర్చు పెట్టుకున్నాయి. ధూమపాన నివారణకు దక్కింది అందులో చిన్న పాలు. అటార్నీ జనరల్ దావా గెలవగలరు గానీ ఖజానా తాళంచెవి ఆయన దగ్గర ఉండదు. పరిహారం తెస్తున్న ప్రతి వ్యాజ్యంలోనూ ముందే కట్టుకోవలసిన గట్టు ఇది. 2021లో నొప్పి నివారణకు వాడే ఓపియాయిడ్ మందుల వ్యసనంపై మూడు పెద్ద పంపిణీ సంస్థలతోనూ జాన్సన్ అండ్ జాన్సన్‌తోనూ కుదిరిన 2,600 కోట్ల డాలర్ల ఒప్పందంలో ఆ గట్టు కట్టారు. సొమ్ములో అత్యధిక భాగాన్ని వ్యసన చికిత్సకూ నివారణకూ మాత్రమే వాడాలని ఒప్పందంలోనే రాసుకున్నారు.

ఇంత పెద్ద దావాలు ఏటా ఒకటో రెండో. రోజువారీ పని వేరు. రాష్ట్ర శాఖలపై వచ్చే కేసుల్లో ప్రతివాది తరఫున వాదించడం, నేర శిక్షలపై అప్పీళ్లను ఎదుర్కోవడం, చట్టంలో అస్పష్టత ఉన్నప్పుడు అధికారులకు లిఖితపూర్వక అభిప్రాయం ఇవ్వడం, ధర్మసంస్థల లెక్కలు చూడడం దానిలో ముఖ్యం. హత్య, దొంగతనం వంటి నేరాల విచారణ చాలా రాష్ట్రాల్లో స్థానికంగా ఎన్నికయ్యే జిల్లా అటార్నీలదే. అవసరమైతే అది అటార్నీ జనరల్ దాకా వస్తుంది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసును 2020లో గవర్నరు కోరిక మేరకు మిన్నెసోటా అటార్నీ జనరల్ కీత్ ఎలిసన్ స్వీకరించి నడిపించారు.

సామాన్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది వినియోగదారుల రక్షణ విభాగం. మోసపూరిత వ్యాపార పద్ధతులను నిషేధించే చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. దావా వేయకముందే కంపెనీని పత్రాలు తెమ్మని, ప్రశ్నలకు ప్రమాణపూర్వకంగా జవాబులివ్వమని ఆదేశించే అధికారం ఆ చట్టం ఇస్తుంది. కారు అమ్మిన డీలరు దాచిన లోపం, వలస పత్రాలు నింపిపెడతామని సొమ్ము గుంజే అనర్హులు, కొత్తగా దిగిన విద్యార్థిని బెదిరించే ఫోన్ కాల్స్ వంటి వాటిపై ఫిర్యాదును ఆ కార్యాలయం ఉచితంగా తీసుకుంటుంది. ఫిర్యాదుదారు అమెరికా పౌరుడై ఉండనక్కరలేదు. అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. అటార్నీ జనరల్ ఆ ఒక్క ఫిర్యాదుదారుడికి వకీలు కారు. కార్యాలయం లేఖ రాసి రాజీ కుదర్చవచ్చు, అలాంటి ఫిర్యాదులు గుట్టగా పేరుకుంటే ప్రజలందరి పేరున దావా వేయవచ్చు. ఆ వ్యక్తి సొంత కేసు గడువు మాత్రం ఈలోగా కరిగిపోతూనే ఉంటుంది.

తెలుగు విద్యార్థులకు ఈ పదవి ఒకసారి పేరు తెలియకుండానే అక్కరకు వచ్చింది. 2020 జూలై 6న, కరోనా రోజుల్లో, తరగతులన్నీ ఆన్‌లైన్‌లో ఉన్న విదేశీ విద్యార్థులు దేశం విడిచిపోవాలని ఫెడరల్ వలస విభాగం ప్రకటించింది. ముందుగా కోర్టుకు వెళ్లినవి హార్వర్డ్, ఎంఐటి. వారం తిరిగేసరికి మసాచుసెట్స్ అటార్నీ జనరల్ మౌరా హీలీ నాయకత్వంలో 17 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ కలిసి మరో దావా వేశాయి. ఆ మరునాడే, జూలై 14న, ప్రభుత్వం ప్రకటనను వెనక్కు తీసుకుంది.

ఇదే ఆయుధం ఏ పార్టీ చేతిలో ఉంటే ఆ పార్టీ కోసం పనిచేస్తుందన్నది నాణేనికి రెండో వైపు. 2007లో మసాచుసెట్స్, మరికొన్ని రాష్ట్రాలు, వేడెక్కుతున్న వాతావరణం వల్ల సముద్రం తమ తీరాన్ని మింగుతోందని ఫెడరల్ పర్యావరణ సంస్థపై వేసిన దావాలో, వాదనార్హత, అంటే దావా వేయడానికి ఉండవలసిన అర్హత, విషయంలో రాష్ట్రాలకు ప్రత్యేక మన్నన ఉంటుందని సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో చెప్పింది. ఉదారవాదులు ఆనాడు ఆనందించారు. అదే మాటను పట్టుకుని, పత్రాలు లేని వలసదారులను తాత్కాలికంగా ఉండనిచ్చే ఒబామా విధానంపై టెక్సస్ నాయకత్వంలో 26 రాష్ట్రాలు దావా వేశాయి. తీరం కోతకు బదులు ఈసారి చూపిన నష్టం, డ్రైవింగ్ లైసెన్సులు జారీ చేయడానికి అయ్యే ఖర్చు. ఆ విధానం అమలుకే రాలేదు. 2023లో బైడెన్ విద్యారుణాల మాఫీని సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు ఆధారమైనది, మిస్సోరీ రాష్ట్రం స్థాపించిన ఒక రుణ నిర్వహణ సంస్థకు ఏడాదికి తగ్గే సుమారు 4.4 కోట్ల డాలర్ల ఆదాయం. ఆ సంస్థ తానుగా దావా వేయనే లేదు, దాని నష్టాన్ని తనదిగా చూపి వాదించింది రాష్ట్రం. కోట్లాది మంది అప్పుల భవిష్యత్తు ఒక సంస్థ రుసుముపై తేలిపోవడం న్యాయశాస్త్రపరంగా ఎంత పకడ్బందీగా ఉన్నా, సామాన్యుడి మనసుకు ఎక్కడం కష్టం.

దీనికి హద్దు ఎక్కడ అంటే, 2020 డిసెంబరు ఒక గుర్తు. టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ జార్జియా, మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లోని అధ్యక్ష ఎన్నికల ఫలితాలను తిప్పికొట్టాలని నేరుగా సుప్రీంకోర్టులో దావా వేశారు. మరో 17 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు ఆయనను బలపరిచారు. మరో రాష్ట్రం తన ఎన్నికలను ఎలా జరుపుకుంటుందన్న దానిలో టెక్సస్‌కు న్యాయస్థానం గుర్తించదగిన ఆసక్తి లేదని డిసెంబరు 11న కోర్టు కొద్ది వాక్యాల్లో తోసిపుచ్చింది. రాష్ట్ర ప్రజల కోసం వేసే దావాకూ పార్టీ కోసం వేసే దావాకూ మధ్య గీత సన్నగా ఉంటుంది గానీ, అది లేకపోలేదు. రిపబ్లికన్ అటార్నీ జనరళ్ల సంఘం 1999లో, డెమొక్రాటిక్ అటార్నీ జనరళ్ల సంఘం 2002లో ఏర్పడ్డాయి. ఈ అధికారులు ఎవరి వ్యాపారాలను విచారించవలసి ఉందో, ఆ కంపెనీలే ఈ సంఘాలకు ఎన్నికల విరాళాలు ఇస్తాయి. గెలిచిన దావాల వైభవంలో మరుగున పడకూడని విషయం ఇది.

దావా వేసే అధికారం ఎంతటిదో, వాదించకుండా ఊరుకునే అధికారమూ అంతటిదే. కాలిఫోర్నియా ఓటర్లు 2008లో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రతిపాదనను ఆమోదించినప్పుడు, దానిని కోర్టులో సమర్థించడానికి అటార్నీ జనరళ్లుగా జెర్రీ బ్రౌన్, ఆయన తరువాత కమలా హారిస్ నిరాకరించారు. ప్రతిపాదన పెట్టినవారే వాదించబోగా, రాష్ట్రం స్థానంలో నిలబడే అర్హత వారికి లేదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. వివాహ సమానత్వాన్ని కోరేవారికి అది విజయమే. కానీ ప్రజలు ఎన్నుకున్న వకీలు, ప్రజలు ఓటేసిన చట్టానికి వకీలుగా నిలబడకపోతే కక్షిదారు ఎవరన్న ప్రశ్న మరింత బిగుసుకుంటుంది. రాజ్యాంగానికి విరుద్ధమని మనసారా నమ్మిన చట్టాన్ని సమర్థించడం వకీలుకు తగదన్నది ఒక వాదన. ఆ తీర్పు చెప్పవలసింది జడ్జి, వకీలు కాదన్నది ఎదురు వాదన. రెండో వాదనకే బరువెక్కువ. ఇరువైపులా పూర్తిగా వాదించాక వచ్చిన తీర్పుకు ఓడినవారి దగ్గర కూడా కొంత మన్నన దక్కుతుంది.

కెంటకీలోనే ఈ ప్రశ్న తిరగబడింది. గర్భస్రావంపై 2018 నాటి ఒక రాష్ట్ర చట్టాన్ని అప్పీలు కోర్టు కొట్టివేయగా, అప్పటికి గవర్నరుగా ఉన్న బెషియర్ ప్రభుత్వంలోని ఆరోగ్య శాఖ కార్యదర్శి కేసును అంతటితో వదిలేశారు. కొత్త అటార్నీ జనరల్ డేనియల్ కామెరన్, రాష్ట్రం తరఫున తాను వాదిస్తానని ముందుకు వచ్చారు. 2022 మార్చిలో సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో ఆయనకు అనుమతి ఇచ్చింది. ఒకే రాష్ట్రం తరఫున గవర్నరు పక్షం చాలనుకున్నచోట అటార్నీ జనరల్ కొనసాగించవచ్చని, రాష్ట్రం తన గొంతును ఎంతమందికి పంచిపెట్టుకుంటుందో రాష్ట్ర చట్టమే చెబుతుందని ఆ తీర్పు అర్థం. 2023లో కామెరన్ గవర్నరు పదవికి బెషియర్‌పైనే పోటీ చేశారు. కెంటకీ ఓటర్లు బెషియర్‌నే మళ్లీ గెలిపించారు, అదే రోజు అటార్నీ జనరల్ పదవికి మాత్రం కామెరన్ పార్టీకి చెందిన రసెల్ కోల్‌మన్‌ను ఎన్నుకున్నారు.